జన్నత్ బీ ఆడించిన రాజ్యాలు

జన్నత్ బీ కాళ్లు వంకర తిరగడం మొదలైనప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. ముందు పళ్ల మీద పసుపు చారలు వచ్చాయి. ఊళ్లో అందరి పళ్లూ అలాగే ఉండేవి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తరువాత మోకాళ్లు ఒకదానికొకటి రాసుకోసాగాయి. నడుము ముందుకు వంగింది. పెళ్లీడుకు వచ్చేసరికి గోడ పట్టుకుంటే తప్ప లేవలేని మనిషైంది. తండ్రి మెహమూద్ ఆమెను బండిలో పడుకోబెట్టుకొని నల్లగొండలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ఎక్స్‌రే తీయించి చూసి, ఇది నీళ్ల వల్ల వచ్చిన రోగం, నీళ్లలో ఫ్లోరైడు ఉంది, ఆ నీళ్లు మానేయమన్నాడు. మెహమూద్, "మరి ఏ నీళ్లు తాగాలె సారూ?" అని అడిగాడు. డాక్టరు తరువాతి మనిషిని లోపలికి పిలిచాడు.

వాళ్ల ఊరు కేతేపల్లి దాటి లోపలికి పోతే గుట్టల నడుమ ఉంటుంది. నేలంతా బండ. మెహమూద్ ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. తోలుతిత్తి భుజాన వేసుకొని కల్వకుర్తి మీదుగా అమ్రాబాద్ దాకా తిరిగి, నెలకో రెండు నెలలకో ఇల్లు చేరేవాడు. తల్లి లేని ఇల్లు. వచ్చినప్పుడల్లా తాను చూసినవన్నీ పెద్ద కూతురికి చెప్పేవాడు. పట్టపగలే చీకటి కమ్మే లోయ గురించీ, దారికి అడ్డంగా పడుకొని ఎంతకీ లేవని పులి గురించీ, బండసందులోంచి ఉరికే చల్లటి ఊట గురించీ. అతడు చెప్పినవాటిలో ఎన్ని చూసినవో ఎన్ని కల్పించినవో జన్నత్ బీ ఎప్పుడూ అడగలేదు. వాడకట్టు దాటలేని మనిషికి రెండూ ఒకటే.

ఎనభై మూడో సంవత్సరంలో ఊళ్లో చేతిబోరింగు వేశారు. అది సరిగ్గా మెహమూద్ ఇంటి ముందరే పడింది. కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి. ఊరు ఊరంతా పాత బావిని విడిచిపెట్టింది. లోతుకు పోయినకొద్దీ ఆ విషం ఎక్కువవుతుందని అప్పుడు అక్కడ ఎవరికీ తెలియదు.

బోరింగు దగ్గర బిందెలు వరుసలో పెట్టి, తమ వంతు వచ్చేదాకా జనం జన్నత్ బీ అరుగు మీద కూర్చునేవాళ్లు. ఆట అక్కడే పుట్టింది. ఒకరోజు కూలిపని చేసుకొని బతికే సాలమ్మ ఎండకు వడలి వచ్చి కూలబడి, "ఏదన్న చెప్పు జన్నతూ, పాణం పోతాంది" అంది. జన్నత్ బీ కథ చెప్పలేదు. ఎదురు ప్రశ్న వేసింది.

"నువ్వొక దొంగవు. కోటగోడ ముందర నిలబడ్డవు. లోపట రాజు ఖజానా ఉన్నది. ఏం జేస్తవు?"

"నేను దొంగనా?" అని సాలమ్మ నవ్వింది. ఆదివారం తప్పకుండా ప్రార్థనకు పోయే మనిషి ఆమె. "మా పాస్టరయ్య ఇంటె ఊకుంటడా?"

"పాస్టరయ్య కోట బయట ఉన్నడు. ఆయనకు కనబడదు."

సాలమ్మ గోడ ఎక్కుతానంది. జన్నత్ బీ ఎప్పుడూ పక్కనుంచుకునే గవ్వలు ఆమె చేతిలో పోసి వేయమంది. వెల్లకిల పడినవి ఎక్కువుంటే గోడ ఎక్కినట్టు, బోర్లా పడినవి ఎక్కువుంటే కావలివాడు చూసినట్టు. సాలమ్మ ఎక్కింది. ఆ మధ్యాహ్నం ఆమె బిందె రెండుసార్లు వరుస తప్పింది.

అట్లా మొదలైంది. గొర్లు కాసే గుర్వయ్య చేరాడు. చెల్లెలు హనీఫా చేరింది. గుర్వయ్యకు యాభై దాటాయి. అప్పటికే చేతికర్ర లేనిదే నడిచేవాడు కాదు, కానీ ఆటలో మాత్రం ఎప్పుడూ గుర్రమెక్కేవాడు. సాలమ్మ దొంగ వేషం విడిచిపెట్టనంది. హనీఫా ఒక రాజ్యంలో మంత్రి అయితే ఇంకో రాజ్యంలో నాగకన్య అయ్యేది. జన్నత్ బీ ఏ వేషమూ తీసుకోలేదు. అరుగు బండమీద సుద్దముక్కతో కోటలూ వాగులూ గీసి, ఎవరికి ఏం ఎదురైందో చెప్పేది. ఒక్కో రాజ్యం వారాలు సాగేది. వానలు పడి పనులు మొదలైతే ఆగేది, కోతలయ్యాక మళ్లీ లేచేది.

ఒక రాజ్యం ముగిసిందంటే తరువాతిది ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద తగాదా.

"నీడ ఉన్న జాగా పెట్టు," అనేది సాలమ్మ. "పొద్దంత ఎండలనే సస్తున్న. ఆటల గూడ ఎండేనా?"

"చెట్లుంటె గుర్రం యాడ ఉరుకుతది?" అనేవాడు గుర్వయ్య. "బయలు గావాలె."

అందరినీ సమాధానపరచి జన్నత్ బీ ఒక చోటు కుదిర్చేది. ఒకసారి సముద్రం నడుమ ఉప్పుకోట. వాళ్లలో ఎవరూ సముద్రం చూడలేదు. ఒకసారి పులులు సుంకం వసూలు చేసే అడవి. ఒకసారి మబ్బుల మీద ఊరు. అన్ని రాజ్యాల్లోనూ యుద్ధాలుండేవి, మోసాలుండేవి, చావులు కూడా ఉండేవి. కుంటివాళ్లు మాత్రం ఉండరు. తాగడానికి పనికిరాని నీళ్లు ఉండవు. ఇది ఆమె ఎవరితోనూ చెప్పని నియమం. చెప్పకపోయినా అందరికీ తెలుసు.

హనీఫాకు సంబంధాలు వచ్చి పోతుండేవి. వచ్చినవాళ్లు పిల్ల పళ్లు చూసేవాళ్లు, అరుగు మీద వంగి కూర్చున్న అక్కను చూసేవాళ్లు, నీళ్లిస్తే తాగకుండా లేచేవాళ్లు. చివరికి కల్వకుర్తిలో సైకిళ్లు బాగుచేసే ఖాసిం చేసుకున్నాడు. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. పోయేరోజు హనీఫా అక్క మోకాళ్ల మీద తలపెట్టి, "ఆపా, నువ్వు గూడ వస్తె మంచిగుండు" అంది. రమ్మని అనలేదు. అది అత్తగారిల్లు, అనడానికి లేదు. జన్నత్ బీకి అది తెలుసు. అయినా ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు.

తరువాతి ఏళ్లలో ఊరు కళ్లముందే వంగిపోయింది. బోరింగు వచ్చాక పుట్టిన పిల్లలు నడక నేర్చిన కొద్దిరోజులకే దొడ్డికాళ్లవాళ్లు అవుతున్నారు. గుర్వయ్య మెడ కొయ్యలా బిగిసింది. ఎవరినైనా చూడాలంటే మనిషి మొత్తంగా తిరగాలి. ఇంకొన్నాళ్లకు తిరగడమూ పోయింది. గొర్లు అమ్మేశారు. కొడుకు ఐలేశం తండ్రిని మంచంతో సహా మోసుకొచ్చి అరుగు పక్కన దించి పనికి పోయేవాడు. గవ్వలు గుర్వయ్య వేళ్ల సందుల్లోంచి జారిపోతుంటే అతడి పక్షాన సాలమ్మ వేసేది.

ఒక ఎండాకాలం గుర్వయ్య ఆకాశంలోకి చూస్తూ అడిగాడు. అతడు చూడగలిగింది అటే.

"ఈసారి యాడ పెడ్తవు బిడ్డా?"

"మంచుకొండల పెడ్దామనుకుంటున్న మామా. గుర్రాలకు రెక్కలుంటయి."

"వద్దు. ఈడనే పెట్టు. మన ఊర్ల."

"మన ఊర్ల ఏమున్నది మామా?"

"ఏం లేదు. సముద్రం దాటిన, మబ్బులెక్కిన. గీ బోరింగు కాడికెంచి మా గొర్లదొడ్డి దాంక నడిచి ఎన్నేండ్లాయెనో. గది నడవాలె నాకు. గుర్రం గూడ వద్దు."

"గదేం ఆట మామా," అంది సాలమ్మ. "పొద్దున లేస్తె సూసేదేనాయె."

"నువ్వు సూస్తున్నవు సాలమ్మా. నేను సూస్తలేను."

జన్నత్ బీ ఆ రోజు ఒళ్లు నొప్పులని ఆట పెట్టలేదు. మరునాడూ పెట్టలేదు. ఆమెకు భయమేసింది. ఇన్నేళ్లుగా ఆ బోరింగును తన రాజ్యాల సరిహద్దు దాటి రానివ్వలేదు. ఇప్పుడు దానికి తలుపు తీస్తే అది మళ్లీ బయటికి పోతుందా? కానీ గుర్వయ్య రోజూ అదే అడిగాడు. ఇంకేమీ అడిగే మనిషి కాదు. కాదనలేకపోయింది.

బండమీద వాళ్ల ఊరే గీసింది. కోట లేదు కాబట్టి గీయడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"గీ ఊరి నీళ్లకు శాపమున్నది," అని మొదలుపెట్టింది. "తాగినోళ్లు వంగిపోతరు. మీ ఇద్దరికి మాత్రం ఏం గాలేదు. మంచిగ నిలబడ్డరు. ఏం జేస్తరు?"

"శాపం పెట్టినోన్ని పట్టుకుంటం," అంది సాలమ్మ. "ఎవరు వాడు?"

జన్నత్ బీ జవాబు కోసం వెతుక్కుంది. రాక్షసుణ్ణి పెట్టవచ్చు, మంత్రగాణ్ణి పెట్టవచ్చు. మిగతా రాజ్యాలన్నిటిలోనూ పెట్టింది. ఇక్కడ పెడితే అది అబద్ధమని గుర్వయ్య పట్టేస్తాడు.

"ఎవరు లేరు," అంది.

"ఎవరో ఒకరు ఉండాలె గద. మరి ఎవరిని కొట్టాలె?"

"ఎవరు లేరు సాలమ్మా. నేలల్నే ఉన్నది."

సాలమ్మ గవ్వలు వేయకుండా బండమీద పెట్టేసింది. గుర్వయ్యకు ఆ సంగతి పట్టలేదు. అతడు నడవడం మొదలుపెట్టాడు. మంచంలో కదలకుండా పడుకొని, పైకి చూస్తూ, తాను నడిచే దారంతా ఒక్కొక్కటీ చెప్పాడు. వెనక ఉండే బక్కమ్మ ఇంటి మూల తిరిగానన్నాడు. కాలువ దాటానన్నాడు. వేపచెట్టు కింద ఒకసారి ఆగి వెనక్కి తిరిగి చూశానన్నాడు. మెడ తిప్పి చూశాను, అని మళ్లీ చెప్పాడు. దొడ్డి తడిక తీస్తే గొర్లు మీదికి వచ్చాయట. నీళ్ల కోసం వచ్చిన ఆడవాళ్లు బిందెలు పట్టుకొని నిలబడి విన్నారు. బోరింగు కొట్టడం కూడా మరిచారు.

కొన్ని రోజులు అలా సాగింది. ఆఖరికి ఆటలో ఇద్దరూ మంచినీళ్ల ఊట కోసం గుట్టమీది బండ పగలగొట్టడానికి పోయారు. సాలమ్మ వేసిన గవ్వలు అన్నీ వెల్లకిల పడ్డాయి. ఇంత మంచి పందెం ఏ రాజ్యంలోనూ పడలేదు. బండ పగిలి నీళ్లొచ్చాయి. "తియ్యటి నీళ్లు," అంది జన్నత్ బీ. "ఊరంత తాగిన్రు. లేచి నిలబడ్డరు."

ఆట గెలిచారు. సాలమ్మ గవ్వలు ఏరి జన్నత్ బీ ఒళ్లో పోసింది.

"దూప అయితాంది," అన్నాడు గుర్వయ్య.

అప్పుడే పని నుంచి వచ్చిన ఐలేశం బోరింగు కొట్టి గ్లాసు నింపి తెచ్చాడు. తండ్రి తల కింద చేయి పెట్టి లేపాడు. గుర్వయ్య గ్లాసులోకి చూశాడు. ఆ తరువాత జన్నత్ బీ వైపు చూడబోయాడు, మెడ తిరగలేదు. నీళ్లన్నీ తాగాడు. అతడు మింగుతుంటే గొంతు కదలడం చూస్తూ ఆమె బండమీది గీతలను అరచేత్తో తుడిచేసింది.

మంచుకొండల రాజ్యం ఆ తరువాత మొదలుపెట్టింది. రెండో రోజే గుర్వయ్య, "నా గుర్రం ఉరుకుతలేదు బిడ్డా. తప్పు నీది గాదు," అన్నాడు. ఆ మరునాడు మంచం రాలేదు. వానలు పడేముందు అతడు పోయాడు. సాగనంపడానికి పాడెమీద పడుకోబెడితే శరీరం తిన్నగా సాగలేదు, వంగినది వంగినట్టే ఉంది. ఆ సంగతి సాలమ్మ వచ్చి చెప్పింది. జన్నత్ బీ చూడటానికి పోలేకపోయింది.

రెండేళ్లు వరసగా వానలు లేక కాలం కాలేదు. సాలమ్మ బిల్డింగుల పనికి హైదరాబాద్ పోతూ వచ్చి అరుగు మీద కూర్చుంది. ఏదైనా రాజ్యం పెట్టమని అడుగుతుందేమోనని జన్నత్ బీ భయపడింది. ఆమె అడగలేదు. నీళ్ల బిందె నింపి లోపల పెట్టి, "పోయొస్త" అని పోయింది. మళ్లీ రాలేదు. ఇంటింటికీ స్టీలు గిన్నెలు వచ్చి కళాయి పని పోయింది, కొన్నాళ్లకు మెహమూద్ కూడా పోయాడు. వెనక ఇంటి బక్కమ్మ పొద్దునా సాయంత్రం ఇంత సంకటి తెచ్చి పెట్టేది.

ఒంటరిగా ఉన్నప్పుడు జన్నత్ బీ కొత్త చోట్లు ఊహించడానికి ప్రయత్నించింది, తనకోసమే. కుదరలేదు. సముద్రం తలుచుకుంటే ఒడ్డున బోరింగు కనిపించేది. అడవిలోకి పోతే అక్కడి పులి దొడ్డికాళ్లతో లేచేది. ఎక్కడ మొదలుపెట్టినా అక్కడి నీళ్లకు ఇక్కడి రుచే ఉండేది. కొన్నాళ్లకు ప్రయత్నించడం మానేసింది.

తొంభై ఏడులో హనీఫా పిల్లలతో వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు, తెల్లటి పళ్లు, నిటారు కాళ్లు. జన్నత్ బీ వాళ్ల కాళ్లనే చూస్తూ కూర్చుంది. చిన్నది ఆడి ఆడి వచ్చి, "పెద్దమ్మా, నీళ్లు" అంది. జన్నత్ బీ పక్కనున్న చెంబు అందుకోబోయింది. హనీఫా గభాలున పిల్ల చేయి పట్టి లాగింది. "ఈడి నీళ్లు తాగొద్దని చెప్పిన్న లేదా?" అని కసిరింది. సంచిలోంచి తాను కల్వకుర్తి నుంచి మోసుకొచ్చిన డబ్బా తీసి పోసింది. అక్క ముఖం చూసి ఆగిపోయింది.

"ఆపా, మనసుల పెట్టుకోకు."

"మంచి పని చేసినవు," అంది జన్నత్ బీ. మనస్ఫూర్తిగానే అంది. చెంబు మళ్లీ కింద పెట్టింది.

సాయంత్రం బస్సుకు పోతూ హనీఫా డబ్బాలో మిగిలిన నీళ్లు అక్క కోసం ఉంచింది. జన్నత్ బీ వాటిని మరునాడు తాగింది. మంచి నీళ్లే. కానీ నలభై ఏళ్లుగా ఆ బండనేల నీళ్లకు అలవాటు పడిన నోటికి అవి చప్పగా, ఏ రుచీ లేకుండా తగిలాయి. రెండు గుక్కలు తాగి మిగతావి బక్కమ్మ మనవడికి పంపించింది. తరువాత చేయి చాచి బోరింగు నీళ్ల చెంబును దగ్గరికి లాక్కుంది.