లియోన్స్ వేసాద్ పాత మడి

లియోన్స్ వేసాద్ మొదటి గెలుపు 1962లో, ఫ్రాన్సులోని కాహోర్ ఊరి సంతలో జరిగిన వైన్ పోటీలో దక్కిన రెండో బహుమతి. రెండోదే కదా అని తేలిగ్గా తీసేయకండి. అంతకు ఆరేళ్ల ముందు, ఫిబ్రవరిలో, లాట్ లోయంతా మంచుకు బిగుసుకుపోయి ద్రాక్షతీగలు వేళ్లతో సహా చచ్చాయి. చాలామంది వాటిని పీకేసి పొగాకు వేసుకున్నారు. ఇరవయ్యారేళ్ల లియోన్స్ మాత్రం కొండవాలు రాళ్లలో ఒక మడి చేసి మళ్లీ మాల్బెక్ అనే నల్లద్రాక్ష అంట్లు నాటాడు. మట్టి జారకుండా రాతిగోడ తానే పేర్చాడు, నీళ్లు తానే మోశాడు.

ఆ సంతలో ముగ్గురు జడ్జీలు ఆయన వైన్ ఒక గుక్క తాగి మొహాలు చిట్లించారు. సిరాలా నల్లటి వైన్.

"నాలుక పట్టేస్తోందయ్యా! పచ్చి అక్రోటు తొక్క నమిలినట్టుంది" అని పెద్ద జడ్జి సీసాను పక్కకు జరిపేశాడు.

మధ్యాహ్నం అందరూ ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు. దిగులుగా సూప్ తాగుతున్న లియోన్స్, గిన్నె అడుగున నాలుగు చెంచాలు మిగలగానే అలవాటు కొద్దీ వైన్ ఒంపి, రెండు చేతులా ఎత్తి గటగటా తాగేశాడు. మా లోయలో ప్రతి ఇంట్లోనూ చేసే పనే. కానీ ఆయన ఒంపింది పోటీకి తెచ్చిన సీసాలోంచి!

"ఏమయ్యా, పోటీకొచ్చావా, గిన్నె కడుక్కోడానికొచ్చావా?" అని నవ్వాడు పెద్ద జడ్జి.

లియోన్స్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకు కాబోయే భార్య నొయేలీ మాత్రం లేచి, తాను కొవ్వులో మగ్గబెట్టి తెచ్చిన బాతు తొడ ఒకటి జడ్జి పళ్లెంలో వేసింది.

"ఈ వైన్‌ని వట్టిగా తాగితే కోపగించుకుంటుందండీ. ముందు ఇది తినండి, తర్వాత తిట్టండి."

ఒక ముక్క, ఒక గుక్క. మళ్లీ ముక్క, మళ్లీ గుక్క. జడ్జి ఇంకాస్త పొయ్యమని గ్లాసు చాపాడు.

ఆ తర్వాత లియోన్స్ గెలిచిన పతకాలు పదకొండు. అడవిపంది కూర వండిన ప్రతి ఇంట్లోనూ, సాసేజ్ ముక్కలేసి బీన్స్ ఉడికించిన ప్రతి పెళ్లిలోనూ ఆయన సీసా ఉండాల్సిందే. ఎన్ని గెలిచినా ఒక్క పట్టుదల విడవలేదు. ఆ పాత మడిలో మొదటి గుత్తి ఏటా తానే కోయాలి. ఒక్క ఏడూ తప్పలేదు.

ఈ ఏడు, 1996లో, అరిగిపోయిన తుంటి ఎముక అడ్డొచ్చింది. తులూజ్ ఆసుపత్రివాళ్లు సెప్టెంబరు ఇరవైమూడున ఆపరేషన్, ఆపై పది రోజులు అక్కడే పడక అన్నారు, సరిగ్గా కోతల ముందు. బయల్దేరే ముందురోజు సాయంత్రం ఆయన చేతికర్ర సాయంతో మడి ఎక్కాడు. వెంట కూతురు సిడోనీ.

"నేనొచ్చేదాకా దీన్ని ముట్టుకోకే."

"వానలొస్తే కుళ్లు పడుతుంది నాన్నా. ఆగాల్సింది నీకోసమా, పండుకోసమా?"

ఆయన ఒక పండు తెంపి ఆమెకిచ్చాడు. "గింజ కొరుకు."

కొరికి ఊసేసింది. "పచ్చి. వేయించిన గింజలా పటుక్కుమనాలంటే ఇంకా రెండు వారాలు పడుతుంది."

ఆయనా ఒక గింజ కొరికాడు. ఆమె లెక్క సరిపోయింది. ఆ విద్య నేర్పింది ఆయనే.

"మరి నేనింకా ఆసుపత్రిలో ఉండగానే, అక్టోబరు రెండుకే పటుక్కుమంటే?"

"కోసేస్తా. నువ్వు మంచం మీంచి తిట్టుకో."

లియోన్స్ జేబులోంచి కోత కత్తెర తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"కొయ్యి. నాకోసం ఆగి పండు పాడుచేశావంటే మాత్రం అసలు ఇంటికే రాను."

ఆపరేషన్ బాగా జరిగింది. నిన్న సిడోనీ మళ్లీ గింజ కొరికింది, ఇంకా కాస్త పచ్చిగానే ఉంది. వాన జాడ లేదు. కోత శనివారం, అక్టోబరు ఐదున అని చెప్పింది. మడి గట్టున ఇప్పటికే ఒక కుర్చీ వేయించింది. లియోన్స్‌ను ఇంటికి పంపుతామని డాక్టర్లు చెప్పిన రోజు గురువారం, అక్టోబరు మూడు.