స్టూలు పట్టే కెమెరా

మా దేవానందం చిన్నాయన కెమెరా దుకాణానికి వెళ్తే ముందు కెమెరా అడగడు, స్టూలు అడుగుతాడు. దాన్ని తీసుకెళ్లి గోడ చివర పెడతాడు. దుకాణంలో ఉన్నవాళ్లందరినీ దాని పక్కన వరసగా నిలబెడతాడు. అప్పుడు కెమెరా కంటికి పెట్టుకుని, "మనుషులు పడ్డరు గని స్టూలు పడలే. ఇంకోటి సూపియ్యి" అంటాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో పాత కెమెరాలు అమ్మేవాళ్లు ఆయన్ని దూరం నుంచే గుర్తుపట్టి, స్టూళ్లు లోపల దాచుకునే దాకా వచ్చింది వ్యవహారం.

ఆయన తొందర ఆయనది. కూతురు సాధన ప్రధానం, అంటే నిశ్చితార్థం, దగ్గరపడింది. ఉంగరాలు మార్చుకున్నాక ఇంటి ముందు అందరూ ఒక్క ఫొటోలో పడాలని పంతం. మీర్‌పేట్‌లో వాళ్ల సందు ఎంత ఇరుకంటే, గుమ్మం దిగి నాలుగడుగులేస్తే ఎదురిల్లు. పోయిన క్రిస్మస్‌కి అలాగే ఫొటో తీస్తూ, వెనక్కి జరిగి జరిగి, ఎదురింటి నాగేశ్వరి బట్టలు నానబెట్టిన టబ్బులో కూర్చున్నాడు. అందులోంచే "ఎవ్వలు కదలకుండ్రి!" అని అరిచాడు. పాత కెమెరా ఆ సబ్బునీళ్లలోనే కన్నుమూసింది.

"ఫోన్ల తియ్యొచ్చు గద చిన్నాయనా?" అన్నాను.

"ఫోనుకు ఎవ్వలన్న తల దువ్వుకుంటర్రా? రీలు కెమెరా బైటికి తీస్తే ముసలోళ్లు సుత మొఖం కడుక్కొని ఒస్తరు. ఫోన్ల ఫొటో ఫోన్లనే ఉంటది. గిది గోడెక్కుతది."

ఆ రోజు మెట్రో స్టేషన్ పక్క సందులో లింగస్వామి అనే ఆయన దుకాణానికి వెళ్లాం. పాపం, ఆయనకు మా చిన్నాయన సంగతి తెలియదు.

"సార్, గీ జూము సూడుండ్రి. చందమామను సుత దగ్గరికి గుంజుతది!"

"చందమామ మా పిల్ల ప్రధానానికి ఒస్తలేడు. నాకు దగ్గరికి గుంజేది ఒద్దు, ఎడల్పు సూపిచ్చేది గావాలె. స్టూలున్నదా?"

లెన్సు మీద నంబరు ఎంత తగ్గితే అంత వెడల్పు పడుతుంది. లింగస్వామి చూపించినవన్నీ ముప్పై ఎనిమిది దగ్గరే మొదలవుతున్నాయి. ఒక్కొక్కదానికీ స్టూలు సగానికి తెగిపోతోంది. చివరికి ఆయన విసిగిపోయి, అడుగు అరలోంచి అరచేతిలో పట్టేంత నల్ల కెమెరా తీశాడు. అది ఇరవై ఎనిమిది దగ్గర మొదలైంది. నేనూ, ఇద్దరు గిరాకీలూ, చాయ్ ఇవ్వడానికొచ్చినాయనా గోడకు వరసగా నిలబడ్డాం.

"నాలుగు కాళ్లు పడ్డయి!" అన్నాడు చిన్నాయన, మనవడు పుట్టినంత సంబరంగా.

ప్రధానం రోజు నాగేశ్వరి ముందుజాగ్రత్తగా టబ్బు లోపల పెట్టుకుంది. సందులో అందరం వరసగా నిలబడ్డాం. వంటకు పొయ్యి పెట్టిన వైపు, వరస చివర స్టూలు ఖాళీగా ఉంది.

"అది ఎవలికి చిన్నాయనా?"

ఆయన పొయ్యి వైపు తిరిగి కేకేశాడు. "అక్కా! ఇగ రాయే!"

చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎలీశమ్మత్త వచ్చింది. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా వంట ఆమెదే. పొయ్యి వదిలి అందరికంటే ఆఖరున వస్తుంది, చివర నిలబడుతుంది. అందుకే మా ఫొటోల్లో ఒకదాంట్లో అత్త మోచేయి, ఇంకోదాంట్లో అత్త గరిటె మాత్రమే ఉంటాయి. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో నిలబడలేకపోతోంది కూడా.

"నేను పడకున్న ఏంగాదు, తియ్యిరా. ఎన్నడు పడ్డ గనుక?" అంది కూర్చుంటూ.

"నువ్వు పడనిదానికి నాకు కెమెరా ఎందుకే?" అన్నాడు చిన్నాయన.

దుకాణాల్లో ఇన్నాళ్లూ ఆయన్ని చూసి నవ్వుకున్న నాకు, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

ఫొటో కడిగించి తెచ్చాడు. అత్త నిండుగా పడింది, స్టూలుతో సహా. కాకపోతే వెడల్పు లెన్సు అంచున ఉన్నవాళ్లను కొంచెం సాగదీస్తుంది.

"ఏందిరా, గిందర్ల నేనొక్కదాన్నే గింత లావున్న?"

"ఇన్నేండ్లు ఫొటోలల్ల నిన్ను కోసిందంత ఒక్కసారే ఒచ్చిందక్కా!"

అత్త నవ్వుతూ ఆయన వీపు మీద ఒక్కటేసింది. ఇప్పుడు ఇంటికెవరొచ్చినా గోడ మీది ఆ ఫొటో దగ్గరికి తీసుకెళ్తుంది. పెండ్లిపిల్లను తర్వాత చూపిస్తుంది, ముందు ఆ చివర చూడమంటుంది.