ఫిబ్రవరిలో మార్చిన పైపులు

షెహజాదిది కడప. బ్రిస్బేన్‌లో ఒక ఆసుపత్రి లాండ్రీలో పగలంతా దుప్పట్లు మడతపెట్టేది. భర్త సాజిద్ ప్రోగ్రామర్. 1999లో అందరికీ రెండువేల సంవత్సరం భయం పట్టుకుంది. కంప్యూటర్లు ఆగిపోతాయన్నారు. సాజిద్‌కు చేతినిండా పని, శనాదివారాలు కూడా ఆఫీసులోనే. ఆ ధైర్యంతోనే, అద్దెకిచ్చుకుందామని ఊరి శివారు సన్నీబ్యాంక్‌లో, గుంజల మీద నిలబెట్టిన ఒక పాత చెక్క ఇల్లు కొన్నారు. కప్పు కారేది. బాత్‌రూమ్ నేల కాలు పెడితే దిగబడేది.

బాగుచేసే పని షెహజాది మీద పడింది. సెలవు రోజుల్లో ఒక్కతే బస్సెక్కి వెళ్లి పాత రంగు గీకేది. లైబ్రరీ పుస్తకం చూసి టైల్స్ వేయడం నేర్చుకుంది. మొదటి వరుస వంకరపోతే ఊడదీసి మళ్లీ వేసింది. కప్పుకూ పైపులకూ మాత్రం మనుషుల్ని పెట్టింది. ఏడు నెలలు పట్టింది. ఈలోగా జనవరి వచ్చింది. కంప్యూటర్లేవీ ఆగలేదు, సాజిద్ కాంట్రాక్టు ఆగింది. మార్చిలో ఇంట్లోకి అద్దెవాళ్లు దిగారు.

జులైలో ఒక మధ్యాహ్నం ఆమె రసీదుల కవరు పట్టుకుని టాక్స్ ఏజెంట్ ఉమామహేశ్వరరావు దగ్గరికి వెళ్లింది. రిపేర్ల ఖర్చు చూపిస్తే కట్టిన పన్నులో కొంత వెనక్కి వస్తుందని ఆశ.

ఆయన రసీదులన్నీ చూశాడు. "కొన్నప్పుడే పాడైపోయి ఉన్నదాన్ని బాగుచేయిస్తే రిపేర్ కింద రాదమ్మా. ఏడాదికి రెండున్నర శాతం చొప్పున, నలభై ఏళ్లు క్లెయిమ్ చేసుకోవాలి."

"నాకిప్పుడే నలభై ఒకటి, అంకుల్. మరి నేను చేసిన పని? టైల్సంతా నేనే ఏసినాను."

"సొంత కష్టానికి ఏమీ రాదమ్మా."

ఆమెకు కోపం రాలేదు. ఆ కుర్చీలో ఇంకాసేపు కూర్చుంటే చాలుననిపించింది.

ఆయన ప్లంబర్ రసీదు తీశాడు. అన్నిటికంటే పెద్దది అదే. "దీనిమీద డేట్ లేదు. అద్దెవాళ్లు వచ్చాక పైపులు పగిలి మార్పించి ఉంటే ఈ ఏడాదే మొత్తం క్లెయిమ్ చేయొచ్చు. ఎప్పుడు చేయించారు?"

షెహజాది ఆ రసీదు తిప్పి చూసింది. "ఫిబ్రవరిలో, అంకుల్. ఇంటి కింద రెండు గంటలు టార్చ్ పట్టుకున్నది నేనే."

ఇంట్లో సంగతి విని సాజిద్ నుదురు రుద్దుకున్నాడు. "ఏప్రిల్ అనుంటే పోయేది."

"అబద్ధం చెప్తే దాన్ని గుర్తు పెట్టుకోవాల. నాకంత ఓపిక లేదు."

అతను లేచి అన్నం వడ్డించాడు.

మర్నాడు ఆమె లాండ్రీకి ఫోన్ చేసి రానంది. నాలుగేళ్లలో అదే మొదటిసారి. మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. సాజిద్ లేపలేదు.

సెప్టెంబరులో కొద్దిపాటి డబ్బు వెనక్కి వచ్చింది. ఇంటిమీద కట్టాల్సిన కౌన్సిల్ పన్నుకు సరిపోయింది. ఆ నెలలోనే సాజిద్‌కు ఒక స్కూల్లో కంప్యూటర్లు చూసుకునే పని దొరికింది. జీతం మునుపటిలో సగం. ఆదివారాలు ఇంట్లోనే ఉండేవాడు.