ఐలయ్య కింది పెదవి

రాయదుర్గంలో ఓ ఆఫీసు టవర్ గేటు దగ్గర పదకొండేళ్లు ఈల ఊదిన మనిషి ఐలయ్య. క్యాబులకు ఒక ఈల, సొంత కార్లకు ఇంకో ఈల, ఫోను చూస్తూ రోడ్డు దాటే ఇంజనీర్లకు తిట్టులాంటి ఈల. లింగంపల్లిలో నా పళ్ల క్లినిక్‌కి వచ్చిన రోజు కూడా ఆ ఈల మెడలోనే వేలాడుతోంది.

"కింది పన్ను ఊగుతుంది మేడం. జర పీకెయ్యుండ్రి, రెండింటికి డ్యూటీ ఎక్కాలె. గీ పెదవి గూడ మొద్దువారింది. ఈల నోట్లె ఉన్నదో జారిందో తెలుస్తలేదు."

"ఎన్నాళ్లనుంచండి?"

"నెలైతుంది."

"లవంగనూనె రాస్తున్నారా?"

"రోజు రాస్తున్న."

"మరి మొద్దుబారక ఏమవుతుందండీ!" అని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. లవంగనూనె పూత కాసేపట్లో దిగిపోతుంది, నెలరోజులు పెదవిని చంపదు. దవడ ఎముకలో ఏదో పెరిగి నరాన్ని నొక్కితే అలా అవుతుందని కాలేజీలో చదివిన పాఠమే. కానీ బయట ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఎక్స్‌రే తీయకుండా పన్ను పీకేశాను.

"సూది గూడ తెలవలే మేడం. మీ చెయ్యి చాన తేలిక" అన్నాడు. పొంగిపోయాను.

ఆ తర్వాత ఐలయ్య పంపాడంటూ గార్డులు వరసగా వచ్చారు. అతను మాత్రం సెలవు దొరక్క మూడు నెలలకి వచ్చాడు. పన్ను తీసిన గుంట మానలేదు, దవడ ఉబ్బింది. ఈసారి తీసిన ఎక్స్‌రేలో ఎముక అంచున పొద్దుటి కిరణాల్లా గీతలు. పెద్ద దవాఖానలో ఎముక క్యాన్సర్ అన్నారు. దవడలో ఇది చాలా అరుదు. చుట్టూ మంచి ఎముకతో సహా ముందే కోసేస్తే చాలామంది ఏళ్లతరబడి బతుకుతారు. అంచున కాస్త మిగిలినా అక్కడే తిరిగి మొలుస్తుంది.

"లేటుగా వచ్చావు" అని సర్జన్ కోప్పడ్డాడట. సగం దవడ తీసి కాలి ఎముక అతికించారు, కీమో ఇచ్చారు. మళ్లీ గేటు దగ్గర నిలబడ్డాడు. ఈల పెదవుల మధ్య ఆగక, చప్పట్లు కొట్టి కార్లు ఆపేవాడు. ఎనిమిది నెలలకి క్యాన్సర్ తిరిగొచ్చింది.

నిజం చెప్పేద్దామనే చూడటానికి వాళ్లింటికి వెళ్లాను. భార్య కొమురమ్మ చెంచాతో గంజి పోస్తూ తిడుతోంది. "పెదవి మొద్దువారినప్పుడే మేడం కాడికి పోతె ఏమాయె? ఎందుకు ఊకున్నవ్?"

అతను నా వైపు చూసి, "నాదే తప్పు" అన్నాడు ముద్దముద్దగా. అంతా మర్చిపోయాడో, నన్ను కాపాడాడో నాకు తెలియదు. పండ్ల సంచి అక్కడ పెట్టి వచ్చేశాను, పిరికిదాన్ని.

సంక్రాంతి దాటాక పోయాడు. ఇప్పటికీ రాయదుర్గం మెట్రో దిగితే ఏ గేటు నుంచి ఈల వినపడినా నా కాళ్లు ఆగిపోతాయి. కుర్చీలో ఎవరు కూర్చున్నా ముందు పెదవికి దూది తాకించి, స్పర్శ తెలుస్తోందా అని అడుగుతాను.

మొన్న పన్నునొప్పితో కొమురమ్మ వచ్చింది. దూది తాకించాను. "తెలుస్తోందా?"

"తెలుస్తుంది మేడం. ఆయన గూడ గిట్ల జల్ది వస్తె బతుకుతుండె."

"వచ్చారండి. మొద్దుబారిందని అప్పుడే వచ్చి చెప్పారు. నేనే పట్టించుకోలేదు."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా చేతిలోని దూదినే చూసింది.

"మరి నేను ఆయన్ని గన్ని తిట్లు తిడితిని గద మేడం" అంది.