ముందే వేసుకున్న పోగులు

మొన్న బాపట్లలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, నా ఎదుటి వరసలో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన "రేపల్లె ఆయన మంచుదేశంలో వేటంటూ ఊరంతా చాటించి, చలికి జడిసి మానుకున్నాడంటగా" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ రేపల్లె ఆయన మా అక్క భర్త. ఆయన జడవలేదు. ఆ సంగతి అక్కడే చెప్పడానికి నాకు నోరు రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. రాయకపోతే ఆ నవ్వే నిజమైపోతుంది.

నా చదువు పదో తరగతితో ఆగింది. తెనాలిలో బియ్యం కొట్లో గుమాస్తాగా పనిచేస్తూ, మిగిలిన చదువంతా గ్రంథాలయం బల్ల మీదే చదువుకున్నాను. ఇంగ్లీషు కూడా అక్కడి నిఘంటువు దగ్గర పెట్టుకుని నేర్చుకున్నదే. ఉత్తర ధ్రువం వైపు అడవుల మీద ఏ పుస్తకం వచ్చినా ముందు నా చేతికే వచ్చేది. ఈ చదువుతో నాకు ఒరిగిందేమీ లేకపోయినా గర్వం మాత్రం బాగానే ఉండేది. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, బావ తప్ప.

బావ చిన్నతనంలో వాళ్ళ నాన్నతో కలిసి రేపల్లె దాటి ఉప్పుటేటి వైపు బాతుల వేటకు వెళ్ళేవాడు. తర్వాత చట్టం వచ్చింది, తుపాకీ పోయింది, బావకు రొయ్యల చెరువులు మిగిలాయి. అయినా ఆ బురద వాసన, తండ్రి వెనక ఊపిరి బిగబట్టి నడవడం ఆయన మర్చిపోలేదు. రొయ్యల ఎగుమతిలో పరిచయమైన ఒక కెనడా మిత్రుడి ద్వారా, ఆ ఉత్తరాది అడవిలోనే పుట్టి పెరిగిన ఒక ఆదివాసి పెద్దాయన తోడుండి వేటాడిస్తాడని తెలిసింది. అక్కడ విదేశీయులు అలాంటి తోడు లేకుండా వేటకు వెళ్ళకూడదు. వేట మూస్ అనే జంతువుది. మన కణుజు జింక లాంటిదే, కానీ ఒంగోలు గిత్త కన్నా ఎత్తు. బావ మోకాళ్ళు అప్పటికే అరిగిపోయాయి. వాటిని మార్చాల్సిందేనని డాక్టరు చెప్పినా, ఈ ఒక్క వేట అయ్యాక చూద్దామని వాయిదా వేశాడు. వెళితే ఆ ఏడే వెళ్ళాలి.

ఏర్పాట్లన్నీ నాకు అప్పగించాడు. ఆ కొద్ది నెలల్లో నేను నేల మీద నడిస్తే ఒట్టు. నీళ్ళ మీద దిగే చిన్న విమానం, ఉన్ని మేజోళ్ళు, ఎలుగుబంట్లకు అందకుండా తిండి చెట్టుకు వేలాడదీయడం, అన్నీ అక్క వాళ్ళ భోజనాల బల్ల మీద పటం పరిచి చెప్పేవాణ్ణి. బావ బాపట్ల వెళ్ళి సముద్రపు ఇసుకలో, వీపున బియ్యం బస్తా కట్టుకుని నడక సాధన చేశాడు. అక్క మాత్రం "పోర్టరు ఉద్యోగం వచ్చినట్టుంది మీ బావకి" అనేది.

ఆ ఆదివాసి పెద్దాయన మాతో వీడియోలో మాట్లాడతానన్న రోజు పొద్దున టిఫిన్ల వేళకే చుట్టాలందరూ రేపల్లెలో దిగారు. మా వాళ్ళలో ఒక అలవాటుంది. ఆదివారం గుడిలో ప్రార్థన ముగించుకుని రాగానే నలుగురూ కలిసి పొట్టేలును కోయించి పోగులు వేసుకుంటారు. పొట్టేలు ఇంకా కొయ్యకు కట్టి ఉండగానే ఎవరికేది కావాలో చెప్పేసుకుంటారు. మూస్‌కీ అదే చేశారు. మాంసం విమానంలో తేనివ్వరని నాకు తెలుసు. ముచ్చట చెడగొట్టడమెందుకని ఊరుకున్నాను.

"తొడ మాది. ఒరుగులు చేసి పట్టుకొచ్చెయ్యమను," అన్నాడు మా పెదనాన్న కొడుకు.

"కార్జం నాదని చెప్పు అబ్బాయ్, పళ్ళు లేనిదాన్ని," అంది బాపట్ల పిన్ని, ఫోనులోకి తల దూర్చి.

నేను ఒక్కొక్క పోగునూ పేరుపేరునా ఇంగ్లీషులోకి మార్చి వినిపించాను. ఎంత చక్కగా మాట్లాడుతున్నానో అందరూ చూడాలని కాస్త గొంతు పెంచాను కూడా. ఆ పెద్దాయన కాఫీ కప్పు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా నాలుగు మాటలు చెప్పాడు.

"ఏంట్రా, ఏమంటున్నాడు? ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు బావ.

అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. "బతికున్నదాన్ని ఇలా పంచుకుంటూ మాట్లాడకూడదంట బావా. అది తనంతట తాను మనకి కనబడాలంట. చిన్నబుచ్చితే రాదంట. ఈ ఏడు మనల్ని తీసుకెళ్ళలేనంటున్నాడు."

"రేపల్లెలో అన్న మాట అంత దూరాన దానికి వినబడుద్దా?" అంది పిన్ని.

"వినబడుద్దో లేదో, ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది పిన్నీ? నేను చెరువు మీదికి బయల్దేరుతుంటే ఎక్కడికని అడిగితే మీ అమ్మాయి మీద ఎగురుతానా లేదా?" అన్నాడు బావ. తర్వాత నా వైపు తిరిగి, తప్పు మాదేనని చెప్పమన్నాడు. చెప్పాను. ఆ పెద్దాయన కోపం లేకుండా తలూపి, వచ్చే ఏడు అడగమన్నాడు.

"అడగడానికి నోరుంటుంది, నడవడానికి కాళ్ళుండొద్దూ?" అని బావ నవ్వాడు. నేను దాన్నీ ఇంగ్లీషులోకి మార్చబోతే "అది చెప్పకులే" అన్నాడు.

నా సిగ్గు పోగుల గురించి కాదు. ఆ ఉత్తరాది మనుషులు వేటకు ముందు నోరు అదుపులో పెట్టుకుంటారని నేను చదివాను. టీకొట్టు దగ్గర అదో వింతగా పదిమందికీ చెప్పాను. నా చదువు మాట్లాడడానికి పనికొచ్చింది, మాట ఆపుకోవాల్సిన చోట పనికి రాలేదు. పెళ్ళి భోజనాల్లోనూ అంతే, మాట్లాడాల్సిన చోట ఆగిపోయాను.

బావ మోకాళ్ళ ఆపరేషను అయింది. ఇప్పుడు గేటు దాకా నడుస్తున్నాడు. అడవి మాట ఎత్తడు, నన్ను పల్లెత్తు మాట అనలేదు. పేర్లు రాస్తే మా వాళ్ళు ఒప్పుకోరు కాబట్టి వరసలతోనే కృతజ్ఞతలు చెప్పుకుంటాను. ఇంటికివ్వకూడని అట్లాసును ఇంటికిచ్చిన తెనాలి లైబ్రేరియనుగారికి, ఇన్ని నెలలు నా ఉపన్యాసాలు భరిస్తూ వేడివేడిగా పెసరట్లు పోసిన అక్కకు, ఆ రోజు నుంచి ఆ సంగతి ఎత్తని పిన్నికి, తొడ కోరిన అన్నయ్యకు, నిజాన్ని మెత్తగా చెప్పిన ఆ అడవి పెద్దాయనకు, అందరికన్నా ముందు బావకు. చదవడం మొదలుపెట్టినప్పటి నుంచీ కాలమంటే గ్రంథాలయంలో పుస్తకం లాంటిదని, గడువు దాటితే మళ్ళీ రాయించుకోవచ్చని అనుకుంటూ వచ్చాను; బావ దగ్గరున్నది ఒక్క ఏడు, అది ఒక్క పొద్దుటి టిఫిన్ల వేళలో అయిపోయింది.