ప్లగ్గు పీకడమే మా అక్క ఉద్యోగం

మీ అక్కయ్య ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, ప్లగ్గులు పీకుతుందని చెబుతాను. నవ్వుతారు. నవ్వనీండి, నేను చెప్పింది అబద్ధమైతే కదా! అక్క ఒక చిన్న కంపెనీలో ఫైల్ సర్వర్లు పరీక్షిస్తుంది. ఒక ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటి ఫైళ్ళూ నెట్‌వర్క్ తీగల గుండా వచ్చి ఒకే పెట్టెలో చేరతాయి, ఆ పెట్టే ఫైల్ సర్వర్. దాని లోపల అన్నిటికీ అడుగున ఉండి డిస్కునీ తీగనీ నడిపే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. అందులో ఎక్కడైనా చిరుగు కనిపిస్తే ప్రోగ్రామర్లు ఒక మాసిక రాసి పంపుతారు. వాళ్ళు దాన్ని ప్యాచ్ అంటారు. ఆ మాసిక నిలుస్తుందో లేదో చూడాలి కదా, అందుకని అక్క ఒక ఫైలు పంపడం మొదలుపెట్టి, అది సగం చేరగానే సర్వర్ ప్లగ్గు ఊడబీకుతుంది. మళ్ళీ పెట్టి, ఫైలు పూర్తిగా ఉందా అని చూస్తుంది. ఉంటే మళ్ళీ పీకుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస.

ఆ పనిలో అక్కకి ఒక నియమం ఉంది. ఫైలు పంపిన కంప్యూటర్నే ‘చేరిందా?’ అని అడగకూడదు. అది తన దగ్గర మిగిలిన కాపీ చూసుకుని చేరిందనే చెబుతుంది. నిజం తెలియాలంటే పక్కనున్న ఇంకో కంప్యూటర్లోంచి తెరిచి చూడాలి. మాట అన్నవాళ్ళని కాదు, అవతలివాళ్ళని అడగాలి అంటుంది. మనుషులతోనూ అంతే. చిన్నప్పుడు నేను పళ్ళు తోముకున్నానంటే నమ్మేది కాదు, వెళ్ళి బ్రష్షు తడిగా ఉందో లేదో చూసొచ్చేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పటికీ మండుతుంది.

నేను ఆసుపత్రిలో స్కానులు తీస్తాను. పదకొండేళ్ళయింది. మా సర్వర్ నడిచేది అక్క కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదే. ఈ మధ్య ఒకే నెలలో మూడు స్కానులు పాడయ్యాయి. డాక్టరు తెరిచి చూస్తే పైనా కిందా బొమ్మ బాగానే ఉంది, మధ్యలో నల్లటి పట్టీ. మూడూ నా డ్యూటీలోనే, మధ్యాహ్నం రెండు ప్రాంతంలోనే. మూడోది ఒక ముసలాయనది. సూది చూస్తేనే వణికిపోయే మనిషి. ఆయన్ని మళ్ళీ పిలిపించి, మళ్ళీ మందు ఎక్కించి, మళ్ళీ తీశాం. బల్ల మీద పడుకుని, “నేనేమన్నా కదిలానా అమ్మా?” అని భయంభయంగా అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మా విభాగం పెద్ద డాక్టరమ్మకి లెక్క చాలా సులువుగా తేలిపోయింది. బొమ్మ సేవ్ అయ్యేదాకా ఆగకుండా నేను మిషను కట్టేసి వెళ్ళిపోతున్నానట. తెర మీద సేవ్ అయిందని చూశాకే కట్టేశానని ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. శుక్రవారం విచారణ పెట్టారు. తప్పు నాదేనని తేలితే స్కాను గది తాళం లాక్కుని నన్ను పాత రికార్డుల గదిలో కూర్చోబెడతారు. మళ్ళీ ఆ మిషను ముట్టుకోనివ్వరు.

సోమవారం సాయంత్రం అక్క దగ్గరికి పరుగెత్తాను. అక్క నా మాట పూర్తిగా వినకుండానే తల అడ్డంగా ఊపింది. సర్వర్ అలా చేయదంది. మొన్నటి ప్యాచ్ తనే చూసిందట, రెండొందలసార్లు పీకిందట. ప్యాచ్ అడుగున ‘పరీక్షించినవారు’ అని ఒక వరుస ఉంటుంది. అక్కడ తన పేరుందని తెరిచి చూపించింది. సరే, ఆలోచిస్తుందిలే అనుకుని ఇంటికొచ్చాను. మర్నాడు నాకు తెలిసిందేమిటంటే, నేను గేటు దాటగానే మహాతల్లి ఉదయం డ్యూటీ చేసే మా సహోద్యోగికి ఫోన్ చేసి, మా చెల్లి హడావిడిగా కట్టేసి వెళ్తుంటుందా అని ఆరా తీసింది!

తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాను. నోటికొచ్చినదంతా అనేశాను. చివరికి, “నా మాటకి ఆ బ్రష్షుకున్న విలువ కూడా లేదా అక్కా?” అని అడిగి, మంచినీళ్ళు కూడా తాగకుండా బయటికొచ్చేశాను.

తర్వాత సంగతులు బావ ఫోన్లో చెప్పాడు. బావది దర్జీ కొట్టు. అక్క సెలవు పెట్టేసిందట. భోజనాల బల్ల మీద రెండు కంప్యూటర్లు, బల్ల కింద ఒక సర్వర్, ఇల్లంతా తీగలు. మా సహోద్యోగి ఫోన్లో ఇంకో మాట కూడా చెప్పిందట. ఆసుపత్రిలో రోజూ రెండింటికి జనరేటర్ వేసి చూస్తారని, ఆ క్షణంలో సర్వర్ ఆగి రెండు నిమిషాల్లో మళ్ళీ లేస్తుందని. అక్క దాన్ని పట్టుకుంది. మంగళవారం నుంచి పీకుతూనే ఉందట. “మీ అక్క బల్ల కింది నుంచి లేవట్లేదు, నేను నిలబడి తింటున్నా” అన్నాడు బావ.

బుధవారం సాయంత్రం ఉండబట్టలేక వెళ్ళాను. కోపం తగ్గిందని కాదు, భయం పెరిగిందని. అక్క నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. నోటుబుక్కులో గీతలే గీతలు, నూట నలభై రెండు. ఒక్కసారి కూడా ఫైలు పోలేదు. ఆ మెరిసిపోయే కొత్త సర్వర్ని చూసి కడుపు మండి, మాది ఇలాంటిది కాదు, మూలన పడున్న పాత డొక్కు అని విసుక్కున్నాను. అక్క చెయ్యి ఆగింది. ఎంత పాతదని అడిగింది. నేను చేరకముందే కొన్నదని, దాని జోడీ ఒకటి స్టోర్ గదిలో దుమ్ము కొట్టుకుని ఉందని చెప్పాను.

గురువారం పొద్దున్నే స్టోర్ కీపర్ని బతిమాలి, రిజిస్టర్లో సంతకం పెట్టి, ఆ డొక్కుని బావ వ్యానులో వేసుకొచ్చాం. అక్క అందులోకి మొన్నటి ప్యాచ్ ఎక్కించింది. మొదటిసారి పీకితే ఫైలు ఉంది. రెండోసారీ ఉంది. మూడోసారి పీకి మళ్ళీ పెట్టాక, ఫైలు పంపిన కంప్యూటర్ తెర మీద ‘సేవ్ అయింది’ అని వచ్చింది. అక్క పక్క కంప్యూటర్లో బొమ్మ తెరిచింది. మధ్యలో నల్లటి పట్టీ.

నేను ఎగిరి గంతేశాను. అక్క మాత్రం కదల్లేదు. తెర మీది అక్షరాలనీ ఆ పట్టీనీ మార్చి మార్చి చూసింది.

“చూశానన్నావు. నిజంగానే చూశావు,” అంది. “నిన్నే అడగాల్సింది చిన్నీ.”

నాకు ఏడుపు ఆగలేదు. అక్కకి నన్ను ఓదార్చే తీరిక లేదు, అప్పటికే మళ్ళీ ప్లగ్గు పెట్టి, సర్వర్ లేస్తుంటే తెర మీద పరుగెత్తే వరుసలు చదువుతోంది. ఒకచోట వేలు పెట్టి ఆపింది. అక్కడ తేదీ జనవరి ఒకటి అని ఉంది, అదీ ఇరవై ఏళ్ళ కిందటిది. నిమిషం తిరక్కుండానే సర్వర్ నెట్‌వర్క్‌ని టైము అడిగి సరిచేసేసుకుంది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు.

సంగతి ఇదీ. ఫైలు ముక్కలుగా వస్తుంటే సర్వర్ ముందు ‘తీసుకున్నా’ అంటుంది, డిస్కు మీద తీరిగ్గా రాస్తుంది. ఈలోపు కరెంటు పోతే తీసుకున్న ముక్కలు గల్లంతు. అందుకే అది ప్రతి జవాబుకీ ఒక గుర్తు తగిలిస్తుంది. గుర్తు మారితే, ఓహో ఇది పడి లేచింది అని పంపే కంప్యూటర్ ఆ ముక్కలు మళ్ళీ పంపుతుంది. మొన్నటి ప్యాచ్ ఆ గుర్తుని సర్వర్ లేచిన టైముతో మాత్రమే తయారుచేస్తోంది. ఈ డొక్కులోనూ, ఆసుపత్రిలో నడిచే దాని జోడీలోనూ గడియారం నడిపే బిళ్ళ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఎన్నిసార్లు లేచినా దానికి అదే జనవరి ఒకటి. సెకను అటూ ఇటూ అయితే స్కాను బతికింది, అదే సెకనులో లేస్తే పోయింది. అక్క రెండొందలసార్లు పీకినవన్నీ బ్యాటరీ బాగున్న కొత్త మిషన్లే.

బావకి లోకజ్ఞానం ఎక్కువ. బ్యాటరీ మార్చకపోవడం ఆసుపత్రివాళ్ళ తప్పే కదా, అంతవరకు చెబితే చిన్నదాని ఉద్యోగం నిలబడుతుంది, నీ పేరూ నిలబడుతుంది, ప్యాచ్ ఊసెందుకు అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే బాగుందనిపించింది. అక్క విననట్టే నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చుంది.

శుక్రవారం విచారణ గదికి అక్క ఆ డొక్కుని తెచ్చి బల్ల మీద పెట్టింది. పెద్ద డాక్టరమ్మ ముందే ప్లగ్గు పీకింది. మొదటి నాలుగుసార్లు బొమ్మ శుభ్రంగా వచ్చింది. డాక్టరమ్మ చేతి గడియారం చూసుకుంది. అక్క తొణక్కుండా అయిదోసారి పీకింది. నల్లటి పట్టీ. అప్పుడు బిళ్ళ బ్యాటరీ సంగతి చెప్పింది.

“అయితే బ్యాటరీ మార్చకపోవడం మా తప్పంటారా?” అంది డాక్టరమ్మ.

“బ్యాటరీ పోతే గడియారం తప్పాలండీ, స్కాను పోకూడదు,” అంది అక్క. “ఈ ప్యాచ్ బాగుందని పేరు పెట్టింది నేను. సరిగ్గా చూడనిది నేను. మా చెల్లి కాదు.”

ఆ మాటలే కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చింది. అదే కాగితం వాళ్ళ కంపెనీకీ పంపింది. కంపెనీలో చీవాట్లు బాగానే పడ్డాయని బావ చెప్పాడు, అక్క చెప్పలేదు. నా తాళం నా దగ్గరే ఉండనిచ్చారు. ఆసుపత్రివాళ్ళు పాత కెర్నెల్‌కి మారారు, బ్యాటరీ కూడా మార్చారు. ముసలాయనకి ఫోన్ చేసి, మీరు కదల్లేదండీ అని నేనే చెప్పాను.

తర్వాతి ఆదివారం పొద్దున అక్క రమ్మంది. ప్రోగ్రామరు కొత్త ప్యాచ్ పంపాడట. లేచిన ప్రతిసారీ గుర్తులో ఇదివరకు లేని అంకె ఒకటి కలుస్తుందట. అక్క బ్యాటరీ లేని ఆ డొక్కుని వంటగది గుమ్మం దగ్గర పెట్టి, ప్లగ్గు నా చేతికిచ్చింది. ఒకసారి తప్పుగా చూసినదాన్ని, ఈసారి నన్ను నేను అడిగితే బాగుందనే చెప్పుకుంటాను, నువ్వే పీకి నువ్వే చూడు అంది. తను ముందుగదిలో కూర్చుంది. నేను పీకాను, పెట్టాను, పక్క కంప్యూటర్లో తెరిచి చూశాను. రెండొందలసార్లు. వేళ్ళు వాచాయి. పొద్దున మొదలుపెడితే ఎండ దిగిపోయింది.

“ఉందా?” అని ముందుగదిలోంచి అడిగింది.

“ఉంది. ఒక్కటి కూడా పోలేదు,” అన్నాను.

లేచొస్తుందని నా అంతట నేనే పక్కకి జరిగాను, పక్క కంప్యూటర్ ముందు చోటిచ్చాను. అక్క రాలేదు. తొంగి చూస్తే, ‘పరీక్షించినవారు’ అనే వరుసలో నా పేరు టైపు చేస్తోంది.