పడుకుంటేనే ఊపిరి

ఆయాసం వచ్చిన మనిషిని పడుకోనివ్వకూడదని మా అత్తగారి నమ్మకం. ఆవిడదే కాదు, హనుమాన్ జంక్షన్‌లో ఉన్న మా చుట్టాలందరిదీ అదే మాట. మా పాపకు ఏడో ఏట ఎగపోత మొదలైతే గోడకు దిండ్లు చేర్చి, బలవంతంగా కూర్చోబెట్టి వీపు రాసేవారు. అది మెల్లగా జారి చాప మీద వెల్లకిలా పడుకునేది. "ఎంత బద్ధకమే నీకు! లే, పడుకుంటే ఊపిరాడదు," అని మళ్లీ లేపేవారు.

నాకు ఒళ్లు మండేది. ఆటోనగర్‌లో మా ఆయనా నేనూ లారీ సీట్లకు కవర్లు కుడతాం. పగలంతా పాప నా మిషను పక్కనే పాత సీటు మీద పడుకుని ఉండేది. లేచి నిలబడిందంటే పెదవులు నీలంగా మారేవి. పడుకుంటే కాసేపటికి మళ్లీ మామూలు రంగుకొచ్చేవి. ఎవరికి చెప్పినా "నీవన్నీ విడ్డూరాలే," అన్నారు. కళ్లెదుట కనిపిస్తున్నది విడ్డూరం ఎలా అవుతుంది?

చంటితనం నుంచీ పాపకు కాలేయం జబ్బు. దానికి చూస్తున్న డాక్టరమ్మ దగ్గరకే తీసుకెళ్లాను. "మేడమ్, దీన్ని ఒకసారి పడుకోబెట్టి చూడండి, ఒకసారి నిలబెట్టి చూడండి. తేడా లేకపోతే నన్ను తిట్టండి," అన్నాను. ఆవిడ తిట్టలేదు. వేలికి క్లిప్పు పెట్టి చూశారు. నిలబెట్టగానే ఆక్సిజన్ పడిపోయింది.

పరీక్షలన్నీ అయ్యాక చెప్పారు: "ఊపిరితిత్తులు చెడిపోలేదమ్మా. కాలేయం జబ్బు వల్ల వాటిలోని సన్నటి రక్తనాళాలు వెడల్పయ్యాయి. రక్తం ఆక్సిజన్ సరిగ్గా అందుకోకుండానే దాటిపోతోంది. కాలేయం మార్చాల్సిందే. మీలో ఎవరిదైనా కొంత ముక్క సరిపోతుంది."

మా ఆయన రక్తం కలవలేదు. నాది కలిసింది. ఇంకేముంది, ఇంట్లో పంచాయితీ పెట్టారు.

"ఊపిరాడకపోతే పొట్ట కోస్తారా? ఎక్కడన్నా విన్నామా?" అన్నారు మా బావగారు.

అత్తగారు ఏడుస్తూ, "ఇంకా పిల్లల్ని కనాల్సినదానివి, నీకేమన్నా అయితే? దాని రాత అంతేననుకో," అన్నారు.

"ఉన్న బిడ్డను రాతకొదిలేసి, లేని బిడ్డ కోసం నా పొట్ట దాచుకోనా అత్తయ్యా?" అన్నాను. "కోయించుకునేది నేను. మీరెవరూ నొప్పి పడక్కర్లేదు." మా ఆయన లేచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆ మనిషి మాటకారి కాదు, అదే ఆయన జవాబు.

ఆపరేషన్లు రెండూ బాగానే జరిగాయి. నేను లేచి తిరుగుతున్నాను గానీ పాప ముక్కుకున్న ఆక్సిజన్ పైపు మాత్రం తీయలేదు. ఆ నాళాలు సర్దుకోవడానికి నెలలు పట్టవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పారు. అయినా చుట్టాలు ఊరుకుంటారా! కొబ్బరిబోండాలు పట్టుకుని పరామర్శకు వచ్చి, "పొట్టా కోయించుకున్నావు, పిల్లకు పైపూ తప్పలేదు," అన్నారు.

"చూడ్డానికొచ్చారు, చూశారు. ఇక వెళ్లి రండి," అన్నాను. వాళ్లు వెళ్లాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. భయం లేక కాదు అలా మాట్లాడింది. నా భయం వాళ్ల చేతికి ఇవ్వదలుచుకోలేదు, అంతే.

పైపు మెల్లమెల్లగా తగ్గించి, ఒకనాటికి పూర్తిగా తీసేశారు. ఆడుకోనివ్వమన్నారు కూడా. నాకే ధైర్యం చాలలేదు. ఒక ఆదివారం పొద్దున అది వీధిలో గెంతుతుంటే గుమ్మంలోంచి కేకేశాను. "చాల్లే, ఇక వచ్చి పడుకో."

"నేను రాను! ఎప్పుడు చూసినా పడుకో పడుకో అని నా ప్రాణం తీస్తావేంటమ్మా, నేనేమన్నా ముసలిదాన్నా, అందరూ ఆడుకుంటుంటే నన్నొక్కదాన్నే చాప మీద పడేస్తావా!"

అంత మాటా ఒక్క ఊపిరిలో అంది, నిలబడే. పెదవులు ఎర్రగా ఉన్నాయి.

అత్తగారు వంటింట్లోంచి వచ్చి, "తల్లితో అలాగేనా మాట్లాడేది? నోర్ముయ్!" అని కసిరారు.

"దాన్నేమీ అనకండత్తయ్యా," అన్నాను. "అరవనివ్వండి. ఇంకా గట్టిగా అరవనివ్వండి."